సిలబస్ ఎవరు మారుస్తారు? మినిట్స్ ఎవరు రాస్తారు?

విశ్వవిద్యాలయాల పాలన మీద ఈ నెల ప్రశ్నలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డిగ్రీ కళాశాలల అధ్యాపకులవే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిచ్చాం. ఊళ్ల పేర్లు ఉంచి, రాసినవారి పేర్లు తీసేశాం.

మా విశ్వవిద్యాలయం కామర్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో (సిలబస్ తయారుచేసే కమిటీలో) నన్ను ఈ ఏడాది సభ్యుడిగా వేశారు. మూడో సెమిస్టర్‌లో ఒక పేపర్ బాగా పాతబడింది. దాని బదులు కంప్యూటర్ మీద ఎక్సెల్ లెక్కలు చేయించే పేపర్ పెట్టాలని ఉంది. పోయినసారి వేరే సభ్యుడు ఇలాంటి ప్రతిపాదనే తెస్తే పైనుంచి తిరిగొచ్చిందట. ఏం సిద్ధం చేసుకోవాలి?
*కామర్స్ లెక్చరర్, తెనాలి*

ముందు క్రెడిట్ల లెక్క చూసుకోండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో ఇచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. అంటే సెమిస్టర్‌కు సుమారు 20. కొత్త పేపర్ ఎక్కాలంటే అన్నే క్రెడిట్లున్న పాతది దిగాలి. 'చేరుస్తున్నాం' అని మాత్రమే రాసి 'తీసేస్తున్నాం' అని రాయని ప్రతిపాదన మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత గంటలు. థియరీకి ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటలు, ప్రాక్టికల్‌కు 30 గంటలు. నాలుగు క్రెడిట్ల థియరీ పేపర్‌కు 60 గంటలు, ఐదు యూనిట్లు చేస్తే యూనిట్‌కు 12. మీరు మూడు క్రెడిట్ల థియరీ, ఒక క్రెడిట్ ప్రాక్టికల్ పెడితే 45కు 30 కలిపి 75 గంటలవుతాయి. క్రెడిట్లు పెరగకపోయినా గంటలు 15 పెరిగాయి. మీ ముందు సభ్యుడి ప్రతిపాదన ఇక్కడే ఇరుక్కుని ఉంటుందని మా అనుమానం. తరగతిలో 60 మంది, ల్యాబ్‌లో 20 కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. మూడు బ్యాచ్‌లు చేయాలి. వారానికి రెండేసి గంటలు చొప్పున విద్యార్థికి రెండు గంటలే, అధ్యాపకుడికి మాత్రం ఆరు గంటలు. అనుబంధ కళాశాలల్లో ఆ ఆరు గంటలు ఎవరు చెబుతారన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే ఫైలు వెనక్కే వస్తుంది. కాబట్టి ల్యాబ్ లేని కళాశాలలకు ప్రత్యామ్నాయ పేపర్ ఒకటి సూచించండి, లేదా మొదటి ఏడాది దీన్ని ఐచ్ఛికంగా పెట్టండి.

ఆ పేపర్ మేజరా (ప్రధాన సబ్జెక్టు), మైనరా (అదనపు సబ్జెక్టు), నైపుణ్య కోర్సా అన్నది కూడా స్పష్టంగా రాయాలి. మైనర్ అయితే వేరే శాఖల విద్యార్థులు కూడా చదువుతారు. ఆ శాఖల బోర్డు చైర్మన్ల నుంచి అభ్యంతరం లేదని రెండు వాక్యాల ఉత్తరం తెచ్చుకుంటే పైన చర్చ సగం తగ్గుతుంది.

సమావేశానికి పట్టుకెళ్లాల్సిన కాగితాలు ఇవి: పాత సిలబస్, కొత్త సిలబస్ పక్కపక్కన పెట్టిన పట్టిక, యూనిట్లవారీ గంటలు, ముద్రణ సంవత్సరంతో సహా పుస్తకాల జాబితా, నమూనా ప్రశ్నపత్రం, ఇంటర్నల్‌కు ఎన్ని మార్కులు, సెమిస్టర్ పరీక్షకు ఎన్ని అన్న వివరం, ఏ సంవత్సరం చేరిన బ్యాచ్ నుంచి అమలన్నది. తెలుగు మీడియం విద్యార్థులుంటే వాళ్లకు ఏ పుస్తకం ఇస్తారో కూడా రాయండి. సెనేట్‌లో (చదువు, పరీక్షల సంగతులు తేల్చే విశ్వవిద్యాలయ సభలో) ఎవరో ఒకరు ఇది తప్పకుండా అడుగుతారు.

అందరూ మరిచిపోయేది సమాన పేపర్ల పట్టిక, అంటే పాత పేపర్‌కు ఏ కొత్త పేపర్ సమానమో చెప్పేది. పాత పేపర్‌లో తప్పినవాళ్లు సప్లిమెంటరీ ఏ సిలబస్‌తో రాయాలి? పాతదే అయితే ఇంకా ఎన్నిసార్లు ఆ పరీక్ష పెడతారు? కొత్తదైతే వాళ్లకు ప్రాక్టికల్ ఎవరు చేయిస్తారు? ఇది తేల్చకుండా ఆమోదం పొందిన సిలబస్ రెండేళ్ల తర్వాత పరీక్షల విభాగం మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు విద్యార్థుల కోసమని అరకొర మినహాయింపులు మొదలవుతాయి.

దారి ఇలా ఉంటుంది: శాఖ సమావేశం, బోర్డ్ ఆఫ్ స్టడీస్, డీన్ లేదా ఫ్యాకల్టీ, ఎకడమిక్ సెనేట్ లేదా దాని స్టాండింగ్ కమిటీ. ఆ తర్వాత రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ప్రొసీడింగ్స్ (అధికారిక ఉత్తర్వు) వస్తాయి. ఆ ప్రొసీడింగ్స్ చేతికి వచ్చేదాకా మీ పేపర్ పుట్టనట్టే. దాని ప్రతి పరీక్షల కంట్రోలర్‌కు చేరి పేపర్ కోడ్ పడిందో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. జూన్‌లో తరగతులు మొదలవ్వాలంటే బోర్డు సమావేశం డిసెంబరు, జనవరిలోనే అయిపోవాలి. సెనేట్ ఏడాదికి ఒకటి రెండుసార్లు కూర్చునే చోట ఒక్క సమావేశం జారిపోతే ఏడాది పోయినట్టే. బయటి నిపుణుల తేదీలు ముందే అడిగి పెట్టుకోండి. కోరం (కనీస హాజరు) లేక వాయిదా పడే సమావేశాల్లో చాలావాటికి కారణం నెల ముందు చేయని ఆ ఒక్క ఫోనే.

సిలబస్ అంతా రాష్ట్ర ఉన్నత విద్యామండలే తయారుచేసి పంపిస్తుంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఎందుకు? సంతకాలు పెట్టడానికేనా?
*డిగ్రీ అధ్యాపకురాలు, జగిత్యాల*

మీ విసుగులో న్యాయముంది. ఉమ్మడి రాష్ట్రంలో 1988 చట్టంతో ఉన్నత విద్యామండలి వచ్చింది. విభజన తర్వాత తెలంగాణకు వేరే మండలి ఏర్పడింది. విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయం దాని పని. ఉమ్మడి చట్రం అక్కడే తయారవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో ఒకే మేజర్ విధానం అలాగే వచ్చింది. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాల్లో ఎక్కువ భాగం దోస్త్ (ఉమ్మడి ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) ద్వారానే జరుగుతున్నాయి కాబట్టి ఒక విశ్వవిద్యాలయం విడిగా కోర్సు నిర్మాణం మార్చుకోవడం ఆచరణలో కష్టం.

అయినా డిగ్రీ ఇచ్చేది మండలి కాదు, విశ్వవిద్యాలయం. మండలి పంపిన సిలబస్ సైతం విశ్వవిద్యాలయ సంస్థలు స్వీకరిస్తేనే అమల్లోకి వస్తుంది. స్వీకరించేటప్పుడు బోర్డుకు చేతిలో ఉండేవి తక్కువేమీ కాదు: పుస్తకాల జాబితా, ప్రశ్నపత్రం నమూనా, ప్రాక్టికల్స్ జాబితా, ఐచ్ఛిక పేపర్లు, ఇంటర్నల్ పరీక్షల తీరు. పిల్లవాడు ఏం చదువుతాడన్నది సిలబస్ కన్నా ప్రశ్నపత్రం నమూనానే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఉమ్మడి సిలబస్ మీద అభ్యంతరముంటే ఊరికే మాట్లాడి వదిలేయకుండా, 'ఫలానా యూనిట్‌కు ఇచ్చిన 12 గంటలు చాలవు, కారణం ఇది' అని బోర్డు మినిట్స్‌లో (సమావేశ నమోదులో) రాయించి మండలికి పంపమని తీర్మానం చేయించండి. మండలి సబ్జెక్టు కమిటీ మళ్లీ కూర్చున్నప్పుడు వాళ్ల ముందుకు వచ్చేది ఆ కాగితమే.

స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల సంగతి వేరు. అక్కడ బోర్డుకు శాఖాధిపతే చైర్మన్. మాతృ విశ్వవిద్యాలయం బయటి సబ్జెక్టు నిపుణులు ఇద్దరు, ప్రిన్సిపాల్ పంపిన ఆరుగురి జాబితా నుంచి వీసీ (ఉపకులపతి) ఎంపిక చేసిన నిపుణుడొకరు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. ఆ కళాశాల ఎకడమిక్ కౌన్సిల్ ఆమోదిస్తే చాలు. మీది అలాంటి కళాశాలే అయి కూడా విశ్వవిద్యాలయ సిలబస్‌నే అక్షరం పొల్లుపోకుండా నడుపుతుంటే, తప్పు మండలిది కాదు.

ఎకడమిక్ సెనేట్‌కూ పాలకమండలికీ తేడా ఏమిటి? 'పాలకమండలి ఆమోదించింది, ఇక అడగడానికి లేదు' అంటున్నారు మా హెడ్.
*సహాయాచార్యుడు, తిరుపతి*

ఎలా బోధించాలి, ఎలా పరీక్షించాలి, ఎవరికి డిగ్రీ ఇవ్వాలి అన్నవి సెనేట్ పరిధి. డబ్బు, పోస్టులు, ఆస్తులు, సర్వీసు వ్యవహారాలు పాలకమండలి పరిధి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో సెనేట్ పని చేసేది ఎకడమిక్ కౌన్సిల్. చిక్కంతా రెండింటికీ తగిలే విషయాలతోనే. కొత్త కోర్సు పెట్టడం చదువు సంగతి, దానికి నాలుగు పోస్టులు అడగడం డబ్బు సంగతి. అలాంటప్పుడు సెనేట్ సిఫారసు ముందు, పాలకమండలి ఆమోదం తర్వాత ఉండాలి. ఈ వరస తారుమారైతే, అంటే పాలకమండలి ముందే నిర్ణయించి సెనేట్‌కు 'సమాచారం కోసం' పంపితే, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి వీలుంటుంది. మీ హెడ్‌ను అడగాల్సింది 'ఎందుకు' అని కాదు, 'సెనేట్‌లో ఏ తేదీన, ఏ అంశం కింద వచ్చింది' అని.

కొంచెం చరిత్ర. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సెనేట్, సిండికేట్ అన్న పేర్లుండేవి. ఇప్పటికీ పాతతరం ఆచార్యులు పాలకమండలిని సిండికేట్ అనే అంటారు. 1991 విశ్వవిద్యాలయాల చట్టం చాలా విశ్వవిద్యాలయాలను ఒకే చట్టం కిందికి తెచ్చింది, తెలంగాణ కూడా దాన్నే అన్వయించుకుంది. ఈ చట్టం కింద పాలకమండలిలో కొందరు హోదారీత్యా వస్తారు, మిగిలినవాళ్లను ప్రభుత్వం నియమిస్తుంది. ఉపాధ్యాయుల ఓట్లతో గెలిచి వచ్చే సభ్యుడు లేడు. అందుకే పాలకమండలిలో అధ్యాపకుడి గొంతు బలహీనం. మీ బలం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, సెనేట్‌లో ఉంది. అక్కడ మౌనంగా ఉండి పాలకమండలి స్థాయిలో పోరాడదామనుకునేవాళ్లకు ఫలితం దక్కడం మేం పెద్దగా చూడలేదు.

జేఎన్‌టీయూలకు వేరే చట్టముంది. 1974లో పార్లమెంటు చట్టంతో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో స్టాట్యూట్ (విశ్వవిద్యాలయ నియమావళి) మారాలంటే విజిటర్ హోదాలో రాష్ట్రపతి సమ్మతి కావాలి. కాబట్టి ఎవరు ఏ సెక్షన్ చెప్పినా ముందు అది మీ విశ్వవిద్యాలయ చట్టంలోదేనా అని చూసుకోండి.

సెనేట్ సమావేశంలో మేం నలుగురం స్పష్టంగా వ్యతిరేకించాం. మినిట్స్ వచ్చాక చూస్తే 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఉంది. ఇప్పుడేం చేయాలి?
*ఆచార్యుడు, వరంగల్*

మినిట్స్ ముసాయిదా పంపినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ గడువులోగా రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ పెట్టి, అదే ఉత్తరం ఇన్‌వార్డులో (ఉత్తరాలు తీసుకునే విభాగంలో) ఇచ్చి నంబరు వేయించుకోండి. నలుగురూ విడివిడిగా రాయడం మంచిది. ఉమ్మడి ఉత్తరాన్ని ఒకరి అభిప్రాయంగా తేల్చేస్తారు. చర్చంతా తిరగదోడకండి. 'అంశం 14 మీద మేం అసమ్మతి తెలిపాం, ఏకగ్రీవంగా అన్న మాట తీసి మా పేర్లతో అసమ్మతి నమోదు చేయాలి' అని రెండే వాక్యాలు.

తర్వాతి సమావేశంలో మొదటి అంశం గత మినిట్స్ ధ్రువీకరణ. మాట్లాడాల్సింది అప్పుడే. ధ్రువీకరణలో తేలేది ఒక్కటే, జరిగింది జరిగినట్టు రాశారా లేదా అని. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని అక్కడ మొదలుపెడితే చైర్మన్ మిమ్మల్ని కూర్చోబెట్టడం సబబే. నిర్ణయాన్నే మార్చాలంటే కొత్త అంశంగా నోటీసు ఇవ్వాలి.

ఇకముందు ఇలా జరగకుండా ఉండాలంటే అసమ్మతి నోట్ చేతిరాతతోనైనా సరే సమావేశం ముగియకముందే కార్యదర్శికి ఇచ్చేయండి. సాయంత్రం అదే ఈమెయిల్ చేయండి.

మినిట్స్ భాష చదవడం నేర్చుకోవాలి. 'తీర్మానించడమైనది' అంటే నిర్ణయం. 'గమనించడమైనది' అంటే చూశాం, అంతే, ఆమోదించినట్టు కాదు. 'సూత్రప్రాయంగా ఆమోదం' అంటే వివరాలు ఇంకా రావాలి. ఈలోగా అమలు మొదలుపెడితే అభ్యంతరం చెప్పొచ్చు. 'వాయిదా' వేరు, 'తిరిగి పరిశీలనకు పంపడం' వేరు: మొదటిది అలాగే మళ్లీ వస్తుంది, రెండోది మారి రావాలి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది 'తగిన చర్య తీసుకోవడానికి ఉపకులపతికి అధికారమిస్తూ తీర్మానించడమైనది' అన్న వాక్యం. సమావేశం చివర, భోజనాల వేళకు, టేబుల్ అజెండాగా వచ్చిన అంశాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. సెనేట్ అధికారాన్ని ఎవరో లాక్కున్నారని వాపోయే సభ్యులు చాలాసార్లు ఈ వాక్యానికి తామే తలూపి ఉంటారు. దాన్ని ఆపలేకపోతే కనీసం 'ఫలానా విషయానికే, ఫలానా తేదీ దాకా, తర్వాతి సమావేశంలో నివేదించాలి' అన్న మూడు షరతులు చేర్చమనండి. కాదనడం కష్టం.

టేబుల్ అంశాల విషయానికొస్తే, ముందుగా కాగితాలివ్వకుండా అప్పటికప్పుడు బల్లమీద పెట్టే విధాన నిర్ణయాన్ని తర్వాతి సమావేశానికి వాయిదా వేయమని అడిగే హక్కు మీకుంది. అడిగారని మినిట్స్‌లో రాయించుకోండి.

వీసీ అత్యవసర అధికారం వాడి ఫీజులు, పరీక్ష నిబంధనలు మార్చేస్తున్నారు. తర్వాత సమావేశంలో ఆమోదం వేయించుకుంటున్నారు. ఇది చెల్లుతుందా?
*పదవీ విరమణ చేసిన ప్రిన్సిపాల్, రాజమహేంద్రవరం*

ఆ అధికారం దాదాపు అన్ని విశ్వవిద్యాలయ చట్టాల్లోనూ ఉంది, ఉండాలి కూడా. తుపాను వచ్చి పరీక్ష వాయిదా వేయాలంటే సెనేట్‌ను పిలుస్తూ కూర్చోలేరు. అయితే దానికి రెండు కొలతలున్నాయి. వెంటనే చర్య అవసరమైన పరిస్థితి నిజంగా ఉండాలి. ఆ అధికారం అసలు ఎవరిదో ఆ సంస్థకు తర్వాత నివేదించాలి. ఏప్రిల్‌లో తెలిసిన సంగతికి ఆగస్టులో అత్యవసరమంటే నిలవదు. సెనేట్ చేయాల్సిన పనిని చేసి పాలకమండలి దగ్గర మాత్రమే ఆమోదం తీసుకున్నా లోపమే.

2009 కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టంలో ఇది వివరంగా ఉంది. అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ చట్టం కిందిదే. వీసీ అలా చేయకూడదని సంబంధిత సంస్థ భావిస్తే విషయాన్ని విజిటర్‌కు పంపవచ్చు. ఆ చర్యవల్ల నష్టపోయిన ఉద్యోగి తనకు తెలియజేసిన నాటి నుంచి మూడు నెలల్లోగా పాలకమండలికి విన్నవించుకోవచ్చు. ఆ గడువు దాటనివ్వకండి.

ఆమోదం కోసం వచ్చినప్పుడు సభ్యులు 'సరే' అనడం ఒక్కటే దారి కాదు. 'ఈ ఏడాదికి పరిమితం చేస్తూ ఆమోదిస్తున్నాం, శాశ్వత నిబంధన బోర్డు ద్వారా రావాలి' అని తీర్మానించవచ్చు. జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పలేని సందర్భాల్లో పనికొచ్చేది ఇదే.

ఇన్‌ఛార్జి వీసీల గురించి కూడా అడిగారు. 2024 మే నుంచి అక్టోబరు దాకా తెలంగాణలోని చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఐఏఎస్ అధికారుల ఇన్‌ఛార్జిలో నడిచిన సంగతి మీకు తెలిసిందే. రోజువారీ పనులకు ఇబ్బంది లేదు. దీర్ఘకాలిక విధానాలు మాత్రం అప్పుడు సెనేట్ గుండా పోవడమే క్షేమం. అత్యవసర అధికారంతో చేసినవి తర్వాతి వీసీ తీరిగ్గా తిరగదోడుతారు.

మేం చేరినప్పుడు ఉన్న పాస్ నిబంధన నాలుగో సెమిస్టర్ మధ్యలో మార్చారు. ఎవరికి చెప్పుకోవాలి?
*బీఎస్సీ విద్యార్థిని, శ్రీకాకుళం*

చేరిన ఏడాది ప్రాస్పెక్టస్, ఆ బ్యాచ్ రెగ్యులేషన్స్ ప్రతి సంపాదించండి. మీ కేసుకు అవే ఆధారం. చట్టం ప్రత్యేకంగా అధికారమిస్తే తప్ప విశ్వవిద్యాలయం చేసే నిబంధనలు వెనక తేదీ నుంచి అమలు కావు. కొత్త నిబంధన 'ఫలానా సంవత్సరం చేరిన బ్యాచ్ నుంచి' అని ఉంటే మీకు వర్తించదు. అలా లేకుండా 'తక్షణం' అని ఉంటే, మీకు కలిగే నష్టాన్ని మార్కుల్లో, పేపర్లలో లెక్కగట్టి రాయండి. అన్యాయం జరిగిందన్న మాట ఒక్కటే చాలదు.

2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. సంస్థ 15 రోజుల్లోగా తన వ్యాఖ్యలతో దాన్ని కమిటీకి పంపాలి. కమిటీ విచారణ తేదీ వేసి మీకు చెప్పాలి. దానికి ఫిర్యాదు అందినప్పటి నుంచి 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, ఒక ప్రతి మీకూ రావాలి. తృప్తి లేకపోతే అందిన 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు. ఆయనకు 30 రోజులు. ఒక హెచ్చరిక: మార్కులు మళ్లీ లెక్కపెట్టమని, పేపర్ మళ్లీ దిద్దమని అడిగితే అంబుడ్స్‌పర్సన్ తీసుకోరు, ఫలితాన్ని మార్చేంత నిర్దిష్ట లోపం చూపిస్తే తప్ప. కాబట్టి ఫిర్యాదులో నిబంధన మార్పు గురించే రాయండి. 'నాకు తక్కువ మార్కులు వేశారు' అని ఒక్క వాక్యం కలిపినా అసలు విషయం పక్కదారి పడుతుంది.

సెనేట్ మినిట్స్ అడిగితే 'రహస్యం' అంటున్నారు.
*పరిశోధక విద్యార్థి, అనంతపురం*

కాదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ సంస్థా 17 రకాల సమాచారాన్ని తనంతట తానే ప్రకటించాలి. మండళ్లు, కమిటీలు ఏమున్నాయి, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉన్నాయా అన్నది అందులో ఒకటి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, ప్రతి పేజీకి 2 రూపాయలు, జవాబుకు 30 రోజులు. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

'ఎందుకు మార్చారు?' అని అడిగితే జవాబు రాదు. చట్టం కింద రికార్డు ఇస్తారు గానీ సంజాయిషీ ఇవ్వరు. సమావేశం తేదీ చెప్పి అజెండా నోట్, ధ్రువీకరించిన మినిట్స్, చర్యల నివేదిక, ఈ మూడూ అడగండి. చాలామంది మినిట్స్ ఒక్కటే అడుగుతారు. అసలు కారణం దొరికేది అజెండా నోట్‌లో. ఇంకా ధ్రువీకరించలేదని తిప్పి పంపితే, తర్వాతి సమావేశం అయ్యాక కొత్త దరఖాస్తు పెట్టండి. నియామక కమిటీ ఇంటర్వ్యూ మార్కుల్లాంటివి ఇందులో కలపకండి. వ్యక్తిగత సమాచారమని మొత్తం దరఖాస్తునే ఆపేస్తారు.

గెస్ట్ లెక్చరర్లకు బోర్డులో చోటుంటుందా? సగం తరగతులు మేమే చెబుతున్నాం.
*గెస్ట్ లెక్చరర్, నల్గొండ*

విశ్వవిద్యాలయ బోర్డుల్లో మామూలుగా రెగ్యులర్ అధ్యాపకులనే వేస్తారు. ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవకూడదని మాత్రం ఎక్కడా లేదు. చైర్మన్ తలచుకుంటే సరిపోతుంది. ఆహ్వానితులకు ఓటుండదు. అయినా ఏ యూనిట్ 12 గంటల్లో పూర్తి కావడం లేదో చెప్పగలిగేది మీరే. శాఖ సమావేశంలో లిఖితపూర్వకంగా ఇవ్వండి, శాఖ మినిట్స్‌లో చేరితే అది బోర్డు దాకా వెళ్తుంది.

పనిభారం లెక్క కూడా తెలిసుండాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సహాయాచార్యుడికి వారానికి 16 గంటలు, సహ ఆచార్యుడికి, ఆచార్యుడికి 14 గంటలు ప్రత్యక్ష బోధన. మొత్తం శాఖ గంటల్లోంచి ఇవి తీసేస్తే మిగిలేదే గెస్ట్‌ల అవసరం. 2019లో యూజీసీ గెస్ట్‌లకు లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 అని చెప్పింది. దాన్ని రాష్ట్రాలు ఎంతవరకు పాటిస్తున్నాయన్నది మీకు మేం చెప్పనక్కర్లేదు.

వీసీ నియామకాలను కోర్టులు ఎందుకు కొట్టేస్తున్నాయి?
*పాఠకుడు, కర్నూలు*

ఎక్కువగా వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీ దగ్గర జరిగే తప్పులకే. మన రెండు రాష్ట్రాల్లో ముగ్గురు సభ్యులు: విశ్వవిద్యాలయం తరఫున ఒకరు, యూజీసీ తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. 2018 యూజీసీ నిబంధనలు మూడు నుంచి ఐదు పేర్ల ప్యానెల్ ఉండాలంటాయి. అభ్యర్థికి ఆచార్యుడిగా పదేళ్ల అనుభవం కావాలి, లేదా పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలో అంతే అనుభవం ఉండాలి. కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒకే పేరు పంపినందుకు 2022లో సుప్రీంకోర్టు నియామకాన్ని రద్దు చేసింది. అదే ఏడాది గుజరాత్ కేసులో, రాష్ట్ర చట్టం యూజీసీ నిబంధనలకు భిన్నంగా ఉంటే యూజీసీదే నెగ్గుతుందని చెప్పింది.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. అక్కడి ఫ్యాకల్టీ సెనేట్‌ను రద్దు చేశారని చెప్పింది. అంటే అధ్యాపకుల మాటకు విలువ పోయినట్టేనా? వాళ్ల సెనేట్ మన సెనేట్ లాంటిదేనా?
*ఒక తల్లి, విజయవాడ*

పేరు ఒకటే, పని వేరు. మన సెనేట్ చట్టంతో పుట్టిన సంస్థ, దాని తీర్మానానికి చట్టబలముంది. అమెరికాలో ఫ్యాకల్టీ సెనేట్ ఎక్కువగా అధ్యాపకులు ఓట్లేసి ఎన్నుకున్న ప్రతినిధుల సభ. చివరి అధికారం విశ్వవిద్యాలయాన్ని నడిపే బోర్డ్ ఆఫ్ రీజెంట్స్‌ది. పాఠ్యప్రణాళిక, బోధన, అధ్యాపకుల నియామక ప్రమాణాలు ప్రధానంగా అధ్యాపకుల చేతిలో ఉండాలని 1966లో అక్కడి ఆచార్యుల సంఘం ఒక ప్రకటనలో చెప్పింది. చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని సంప్రదాయంగా పాటిస్తూ వచ్చాయి. అది సంప్రదాయం, చట్టం కాదు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడి మీద సెనేట్ అవిశ్వాసం ప్రకటించినా ఆయన దిగిపోవాలని నియమం లేదు.

టెక్సాస్ 2025లో ఎస్‌బీ 37 అనే చట్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి, రీజెంట్స్ బోర్డు ప్రత్యేకంగా అనుమతిస్తేనే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సెనేట్ లేదా కౌన్సిల్ ఉండాలి. అది సలహా సంస్థ మాత్రమే. సభ్యుల్లో కొందరిని విశ్వవిద్యాలయ అధ్యక్షుడే వేస్తారు. ఎన్నికైన సభ స్థానంలో నియమిత సభ్యులు కూడా ఉన్న సభ రావడం అధ్యాపకులకు నష్టమే. మన పాలకమండలి 1991 చట్టం నుంచి అలాగే నడుస్తోంది కాబట్టి తెలుగు రాష్ట్రాల ఆచార్యులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు.

మీ అమ్మాయి విషయంలో ముఖ్యమైనది టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హోదా). ఆమె చేరిన ఏడాది ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్‌ను, శాఖలోని టెన్యూర్ ప్రమాణాల ప్రతిని తేదీతో సహా దాచుకోమనండి. సెనేట్ ఆమోదంతో వచ్చిన పాత ప్రమాణాలు కొత్త వ్యవస్థలో మారితే, ఆమె ఫైలును ఏ ప్రమాణాలతో చూస్తారో ఇప్పుడే శాఖాధిపతిని ఈమెయిల్‌లో అడిగి, జవాబు ఈమెయిల్‌లోనే తెప్పించుకోవాలి. మూడో ఏడాది మధ్యంతర సమీక్ష ఉన్న చోట ఈ ప్రశ్న ఆ సమీక్షకు ముందే వెళ్లాలి.